ఒకే గాటన

కరణంగారూ ఏరూ కథ మీకు తెలిసే వుంటుంది. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఓ కరణంగారు పెళ్ళాం బిడ్డలతో వూరికి పోతుంటే దారిలో ఏరు అడ్డొచ్చింది. ఆయన లెక్కల్లో దిట్ట. కర్ర పుచ్చుకుని ఏటి లోతు అయిదారు చోట్ల కొలిచి, కూడి, భాగించి, సగటున మూడడుగులని తేల్చాడు. ఇంటిల్లిపాది ఎత్తూ కొలిచి, సగటున నాలుగడుగులని తేల్చాడు. "ఇంకేం, దిగండి" అన్నాడు. అవతలి గట్టెక్కి చూసుకుంటే చిన్నపిల్లలు లేరు. ఇసకలో కూచుని మళ్ళీ లెక్క కట్టి, "లెక్క సరిగ్గానే వుందే, మరి పిల్లలేమయినట్టు?" అని ఆశ్చర్యపోయాట్ట.

ఈ కథ విని నవ్వనివాళ్ళు లేరు. నవ్వినవాళ్ళే మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ పేపర్లో తలసరి ఆదాయం, సగటు వర్షపాతం, సగటు మార్కులు చదివి, "ఫరవాలేదు, బాగానే వుందన్నమాట" అని తలాడిస్తారు. సగటు అనేది చాలా మర్యాదస్తురాలు. ఎవర్నీ నొప్పించదు. ఎవరి సంగతీ బయటపెట్టదు. అదే దాంతో వచ్చిన చిక్కు.

మన పల్లెటూళ్ళలో దీన్నే "అందరినీ ఒకే గాటన కట్టడం" అంటారు. పాడిగేదెనీ, దుక్కిటెద్దునీ, పాలు మరవని పెయ్యనీ ఒకే గాటన కట్టి, మూడింటికీ సమంగా గడ్డి వేస్తే రైతుకి పని తేలికే. కానీ గేదె ఎందుకు వట్టిపోయిందో, పెయ్య ఎందుకు చిక్కిపోయిందో ఆయనకెప్పటికీ తెలీదు. "తలకో మోపు వేశాను కదా" అంటాడు.

అంతదాకా ఎందుకు? ఇంట్లో పాల లెక్క తీసుకోండి. రోజుకి లీటరు పాలు, ఇంట్లో నలుగురు. తలకి పావు లీటరు. ఎంత చక్కటి లెక్క! తీరా చూస్తే ఇంటాయనకి రెండుసార్లు కాఫీ, అబ్బాయికి గ్లాసుడు పాలు, అమ్మాయికి అరగ్లాసు, ఇల్లాలికి ఆఖర్న గిన్నె కడిగిన మజ్జిగ. పావు లీటరు తాగిన మనిషి ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. ఆ పావు లీటరు కాగితం మీద తప్ప ఎక్కడా లేదు.

ఈ పురాణమంతా ఇప్పుడెందుకంటే, మా చెల్లెలి కూతురు ఒకత్తి వుంది. స్టాటిస్టిక్సులో ఎమ్మెస్సీ చేసింది. పల్లెటూరి హైస్కూలు పిల్లల ఆరోగ్యం కనిపెట్టి చూసే ఓ స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తోంది. పిల్లలకి వారానికో ఐరన్ మాత్ర ఇస్తారు. ఆర్నెల్లకోసారి వేలు మీద సూదితో గుచ్చి, రక్తంలో హీమోగ్లోబిన్ ఎంతుందో చూస్తారు. ఆ అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, బొమ్మలు గీసి, వార్షిక నివేదికలో పెట్టడం దీని పని. మొన్న వేసవిలో నా దగ్గర నాలుగు రోజులుందామని వచ్చింది. వచ్చిందన్నమాటే గాని, మామిడిపండు ముట్టదు, ఒడిలోంచి ల్యాప్‌టాప్ దింపదు.

"పెద్దమ్మా, ఇలా చూడు" అంది ఓ మధ్యాహ్నం. తెర మీద ఒక గీత. ఏడో తరగతిలో మొదలుపెట్టి పదో తరగతి దాకా అవే పిల్లల్ని మూడేళ్ళు చూశార్ట. గీత మెల్లిగా, నిలకడగా పైకి పోతోంది.

"బ్రహ్మాండంగా వుందే తల్లీ. మాత్రలు పనిచేశాయన్నమాట" అన్నాను.

"మా కార్యదర్శిగారూ అదే అన్నారు. దీన్ని అట్టమీదే వేయిస్తామంటున్నారు."

"మరి ఆ మొహం ఏమిటి, జ్వరం వచ్చినదాన్లా?"

"ఇందులో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసిపోయారు పెద్దమ్మా. విడదీసి గీస్తే ఎలా వుంటుందోనని."

నేను ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టించి, స్కేలుతో కలిపించి, ఎందరి చేతో గ్రాఫులు గీయించాను. విడదీసి గీయించాలంటే మళ్ళీ కొత్త కాగితం, మళ్ళీ గంటన్నర. ఇది చూస్తే ఒక్క పంక్తిలో నాలుగు మాటలు చేరుస్తుంది, బొమ్మ మారిపోతుంది. అది వాడే సరంజామా పేరు "ఆర్" అట. ఒకటే అక్షరం! న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు మాస్టర్లు తమ విద్యార్థుల కోసం 1990ల మొదట్లో తయారుచేశారు. ఇద్దరి పేర్లూ ఆ అక్షరంతోనే మొదలు. 1995లో దాన్ని ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చేశారు. మాస్టర్లు చేసిన పని కదా అని నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

"కలిసిపోతే మాత్రం కొంపలేం మునుగుతాయే?" అన్నాను, దాన్ని కాస్త కదిపి చూద్దామని.

"ముందు నీకు పువ్వులు చూపిస్తాను" అంది.

అవి ఐరిస్ పువ్వులు. మూడు జాతులు, జాతికి యాభై చొప్పున 150 పువ్వులు. ఎడ్గార్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త కొలిచిన కొలతల్ని ఇంగ్లండులో రొనాల్డ్ ఫిషర్ 1936లో తన వ్యాసంలో వేశాడు. అప్పట్నించీ గణాంకశాస్త్రం నేర్చుకునే ప్రతి పిల్లా పిల్లాడూ వాటి మీద చెయ్యి తిప్పుకోవాల్సిందే. సంగీతానికి సరళీ స్వరాల్లాంటివన్నమాట. ఆ సరంజామాలో అవి ముందే పెట్టి వుంటాయి.

పువ్వు కింది రక్షకపత్రం పొడుగు అడ్డంగానూ, వెడల్పు నిలువుగానూ పెట్టి, పువ్వుకో చుక్క చొప్పున 150 చుక్కలూ నల్లరంగులో వేసింది. వాటి మధ్యలోంచి ఓ గీత గీయమంది. గీత కాస్త కిందికి వాలింది. అంటే ఏమిటి? పొడుగు పెరిగినకొద్దీ వెడల్పు ఓ పిసరు తగ్గుతుందని. రెండింటికీ వున్న సంబంధం లెక్కకడితే సున్నాకి దిగువన 0.12 వచ్చింది.

"ఇప్పుడు జాతికో రంగు వేస్తున్నాను, చూడు" అని ఒక మాట చేర్చింది.

చుక్క ఒక్కటి కూడా జరగలేదు. ఉన్నవి ఉన్నచోటే వున్నాయి. వాటికి రంగులొచ్చాయి, అంతే. ఒక గీత బదులు మూడు గీతలొచ్చాయి. మూడూ పైకే! సెటోసా జాతిలో సంబంధం 0.74, వెర్సికలర్‌లో 0.53, వర్జినికాలో 0.46. ఏ జాతిలో చూసినా పొడుగైన పత్రమే వెడల్పూను. మూడు జాతుల్నీ ఒకే గాటన కట్టేసరికి మాత్రం మాట తిరగబడింది.

కనికట్టేమీ లేదు. సెటోసా పొట్టి, కానీ వెడల్పైనది. సగటున పొడుగు 5 సెంటీమీటర్లు, వెడల్పు 3.4. వర్జినికా పొడగరి, పొడుగు 6.6 గాని వెడల్పు 3 మాత్రమే. ఒక గుంపు ఎడమ పక్కన కాస్త మీదా, మరోటి కుడి పక్కన కాస్త కిందా కూచున్నాయి. రంగు తెలియని గీత ఈ గుంపునించి ఆ గుంపుకి జారింది. పువ్వుల సంగతి చెప్పమంటే అది జాతుల మధ్య ఎడం చెప్పింది.

ఇలా ఏది ఏ గుంపుదో కొలతలు చూసి తేల్చే విద్యలో మన తెలుగువాడి చెయ్యి కూడా వుందని మా పిల్ల చెబుతుంటే వొళ్ళు పులకరించింది. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, లోకానికి సి.ఆర్.రావు. 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కల ఎమ్మే చదివి, కలకత్తాలో మహలనోబిస్ గారి సంస్థకి వెళ్ళారు. అక్కణ్ణించి కేంబ్రిడ్జి వెళ్ళి, సూడాన్ తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతల మీద పనిచేసి, ఫిషర్ దగ్గరే 1948లో డాక్టరేటు పుచ్చుకున్నారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. ఆ సంవత్సరమే ఆగస్టులో కన్నుమూశారు. పువ్వయినా, పుర్రె అయినా, ముందు అడగాల్సింది "నువ్వు ఏ గుంపు?" అని కదూ.

సరే, రంగులు వేస్తే చాలా అంటే చాలదట. యంత్రానికి లోకజ్ఞానం తక్కువ. మా పిల్ల దగ్గరున్న పట్టికలో వూళ్ళకి పేర్ల బదులు 1, 2, 3 అని నంబర్లున్నాయి. రంగు వేయమంటే అది ఒకే నీలం తీసుకుని, ముదురు నీలం నించి లేత నీలం దాకా మెట్లు కట్టింది. మూడో వూరు ఒకటో వూరికి మూడింతలనీ, రెండో వూరు ఆ రెండింటికీ నడిమిదనీ దాని నమ్మకం! ఇవి అంకెలు కావు నాయనా, పేర్లు అని చెప్పాలి. దానికో మాటుంది, "ఫ్యాక్టర్" అని. అది చెప్పాక బుద్ధిగా వూరికో వేరే రంగు వేసింది.

మరో తమాషా. నెలల పేర్లు ఇంగ్లీషులో ఇస్తే వాటిని అక్షరక్రమంలో పేరుస్తుంది. ఏప్రిల్ ముందు, వెంటనే ఆగస్టు, ఆ తరవాత డిసెంబరు, ఆపైన ఫిబ్రవరి! ఎండాకాలం పక్కనే వానాకాలం, దాని పక్కనే చలి. ఆ వరసలో చూస్తే పిల్లల ఆరోగ్యం కోతికొమ్మచ్చి ఆడినట్టుంటుంది. వరస కూడా మనమే చెప్పాలి. పైగా వరసలో ముందు నిలబడ్డవాడే కొలబద్ద అవుతాడు, తక్కిన వాళ్ళందర్నీ వాడితో పోలుస్తుంది. పెళ్ళివారి పంక్తిలో మొదటి విస్తరి ముందు కూచున్నాయనకి ఎంత వడ్డించారో చూసి మిగతావాళ్ళు "మాకు తక్కువ" అనుకున్నట్టు. ఎవర్ని ముందు కూచోబెట్టాలో యంత్రానికి వదిలేస్తే, అక్షరక్రమమే పెద్దరికం అయిపోతుంది.

రంగులు ఎక్కువైనా కష్టమే. ఎనిమిది రంగుల గీతలు ఒకదాని మీద ఒకటి పడితే ముగ్గు మీద కోడి తిరిగినట్టుంటుంది. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని కళ్ళు కూడా కొన్ని వుంటాయి. అప్పుడేం చేస్తారంటే, కిటికీకి అద్దాలు బిగించినట్టు, గుంపుకో గడి చొప్పున విడివిడిగా గీస్తారు. ఒక నిలువుగీత కొట్టి దాని పక్కన గుంపు పేరు రాస్తే చాలు, గడులు వాటంతటవే వస్తాయి. ఆర్‌లో ఈ పనిచేసే "ల్యాటిస్" అనే పనిముట్టు తయారుచేసినది మన దేశంవాడే, ఢిల్లీలోని భారత గణాంక సంస్థలో పనిచేసే దీపాయన్ సర్కార్. ఒకటే షరతు: అన్ని గడులకీ కొలబద్ద ఒకటే వుండాలి. ఒక గడిలో అంగుళానికి పదీ, ఇంకో గడిలో అంగుళానికి వందా అయితే అది మోసం కిందే లెక్క.

గడులు చేసే మేలుకి ఓ బార్లీ కథ చెప్పింది మా పిల్ల. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1931, 1932 సంవత్సరాల్లో ఆరు చోట్ల పది రకాల బార్లీ పండించి, దిగుబడులు రాశారు. మొత్తం 120 అంకెలు. ఆ అంకెలు 1934లో అచ్చయ్యాయి. ఫిషర్ అంతటివాడు వాటిని తన పుస్తకంలో వాడుకున్నాడు. అరవై ఏళ్ళు ఎందరో వాటిని గుణించారు, భాగించారు. 1993లో విలియం క్లీవ్‌లండ్ అనే ఆయన వాటిని చోటుకో గడి చొప్పున, ఏడాదికో గుర్తు చొప్పున గీశాడు. అయిదు గడుల్లో 1931 దిగుబడి ఎక్కువ. మోరిస్ అనే ఒక్క చోట మాత్రం అటుదిటు అయింది, 1932 ఎక్కువ! ఎవరో ఆ వూరి లెక్కలో రెండేళ్ళూ తారుమారు చేసి రాసివుంటారని ఆయన వాదించాడు. 2013లో కెవిన్ రైట్ అనే ఆయన మరిన్ని ఏళ్ళ దిగుబడులు తిరగేసి, అబ్బే, వానా ఎండా తేడాల వల్ల అలాంటివి మామూలేనన్నాడు. ఎవరిది రైటైనా, ఆ ప్రశ్న అడగడానికి అరవై ఏళ్ళు పట్టింది. గడులు గీసిన నిమిషంలో అది ఎదురుగా నిలబడింది.

"పువ్వులూ బార్లీ సరే, మనుషుల మాటేమిటి?" అన్నాను.

"మనుషులదీ వుంది" అంది. అమెరికాలోనే బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1973లో పై చదువులకి దరఖాస్తు పెట్టినవాళ్ళలో మగవాళ్ళకి నూటికి 44 మందికి సీట్లొచ్చాయి, ఆడవాళ్ళకి 35 మందికే. ఇంకేముంది, ఆడవాళ్ళకి అన్యాయం జరిగిపోయిందనే అనిపిస్తుంది ఎవరికైనా. ముగ్గురు కూచుని శాఖలవారీగా విడదీసి 1975లో ఓ వ్యాసం రాశారు. అందులో పెద్ద శాఖలు ఆరింటి లెక్క ఇప్పటికీ పాఠంగా వాడతారు. ఆరింటినీ కలిపితే మగవాళ్ళకి నూటికి 45, ఆడవాళ్ళకి 30. విడదీస్తే, ఆరింటిలో నాలుగు శాఖల్లో ఆడవాళ్ళకే ఎక్కువ వంతు సీట్లు! మొదటి శాఖలో అయితే మగవాళ్ళు నూటికి 62, ఆడవాళ్ళు 82.

ఇదెలా కుదురుతుందని మీరడుగుతారు. నేనూ అడిగాను. రెండు క్యూలు వూహించుకోండి. ఒక కౌంటర్లో టిక్కెట్లు దండిగా వున్నాయి, రెండోదాంట్లో పిడికెడే వున్నాయి. ఆ ఆరు శాఖలకీ పెట్టుకున్న 2691 మంది మగవాళ్ళలో సగానికి పైగా, 1385 మంది, సీట్లు తేలిగ్గా దొరికే మొదటి రెండు శాఖల క్యూలో నిలబడ్డారు. 1835 మంది ఆడవాళ్ళలో ఆ క్యూలో నిలబడ్డది 133 మందే. తక్కినవాళ్ళంతా పిడికెడు టిక్కెట్ల వైపు. టిక్కెట్లిచ్చే గుమాస్తా పక్షపాతం చూపకపోయినా సరే, ఎక్కువమంది ఆడవాళ్ళు వుత్త చేతుల్తో ఇంటికెళ్ళారు.

"అయితే అన్యాయం లేదన్నమాట" అన్నాను.

"అలా అనకు పెద్దమ్మా. అన్యాయం గుమాస్తా దగ్గర కనబడలేదు, అంతే. ఆడపిల్లలందరూ ఆ క్యూలోకే ఎందుకు పోయారు? చిన్నప్పుడు వాళ్ళకి ఏ చదువు చెప్పారు, ఏది వద్దన్నారు? ఆ వ్యాసం రాసినవాళ్ళూ చివరికి ఆ మాటే అన్నారు. బొమ్మ విడదీస్తే జవాబు దొరకదు పెద్దమ్మా, సరైన ప్రశ్న దొరుకుతుంది."

ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఆ మాట దగ్గర నాకు నోరు పెగల్లేదు.

ఆ సాయంత్రం దాని బొమ్మని విడదీసింది. నేను పక్కనే కూచున్నాను. ముందు చుక్కలు వేసింది. ఒకే అంకె వచ్చిన పిల్లల చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఒక్కరిలాగే కనబడుతుంటే, చాటలో బియ్యం కుదిపినట్టు వాటిని పక్కలకి రవ్వంత కుదిపింది. పైకీ కిందికీ కాదు సుమా, పక్కలకే. కొలత మారకూడదు కదా. ఆ తరవాత మగపిల్లలకో రంగూ, ఆడపిల్లలకో రంగూ వేసి, రెండు గీతలు గీయమంది.

మగపిల్లల గీత పైకి లేచింది. ఆడపిల్లల గీత చాపలా పరుచుకుని వుంది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అట్టమీద వేయిద్దామన్న ఆ అందమైన ఎత్తంతా మగపిల్లలదే. అందులోనూ మాత్రల మహిమ ఎంతో చెప్పలేం. యుక్తవయసులో మగపిల్లల రక్తంలో హీమోగ్లోబిన్ తనంతట తనే పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ రక్తహీనతకి పెట్టిన హద్దు 12 నించి 14 ఏళ్ళ దాకా ఇద్దరికీ డెసిలీటరుకి 12 గ్రాములే అయినా, 15 ఏళ్ళు వచ్చాక మగవాళ్ళకి 13 అవుతుంది, గర్భిణులు కాని ఆడవాళ్ళకి 12 దగ్గరే వుంటుంది. అంటే ఆ గీత పెరగడంలో కొంత మీసాలు రావడమూ వుంది. ఇక ఆడపిల్లలకి సరిగ్గా ఆ వయసులోనే నెలనెలా రక్తం పోవడం మొదలవుతుంది. మాత్రలు లేకపోతే ఆ గీత ఇంకా కిందికి పోయేదేమో కూడా. "అది తేల్చాలంటే మాత్రలు పుచ్చుకోని పిల్లలతో పోల్చి చూడాలి, ఈ బొమ్మ చెప్పలేదు" అంది మా పిల్ల. తను గీసిన బొమ్మ ఎంతవరకు మాట్లాడగలదో తెలిసినవాళ్ళంటే నాకు గౌరవం.

కార్యదర్శిగారికి ఫోను చేసింది. మంచాయనే, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ నివేదిక చూసి డబ్బిచ్చే దాతలున్నారు. "రెండు గీతలెందుకమ్మా, చూసేవాళ్ళు తికమకపడతారు. ఒకటుంచు, బాగుంది" అన్నాడు.

"ఒకటుంచితే ఆడపిల్లలు అందులో కనబడరు సార్" అంది.

"ఆడపిల్లలూ వున్నారుగా అందులో?"

"వున్నారు సార్. కనబడరు."

అవతల కాసేపు నిశ్శబ్దం. ఆయనకీ ఇద్దరు కూతుళ్ళున్నారట. తరవాత అడిగాడు, "మరి వాళ్ళ గీత ఎందుకు లేవలేదంటావు?"

చూశారా! మూడేళ్ళ నించీ ఆ అంకెలు ఆయన బల్ల మీదే వున్నాయి. ఆ ప్రశ్న మాత్రం ఆ రోజే పుట్టింది.

సెలవులయ్యాక వాళ్ళు స్కూళ్ళకి వెళ్ళి ఆడపిల్లల్ని కూచోబెట్టుకుని అడిగార్ట. మాత్రల రిజిస్టరులో అందరి పేర్ల ఎదురుగా టిక్కులున్నాయి. టిక్కు పెట్టినంత మాత్రాన మింగినట్టు కాదు కదా. మాత్ర మింగితే కడుపులో తిప్పుతోందని కొందరు చాటుగా పారేస్తున్నారు. ఎందుకు తిప్పుతోందంటే పరగడుపున మింగుతున్నారు. ఎందుకు పరగడుపంటే, పొద్దున్నే లేచి నీళ్ళు పట్టి, వాకిలి వూడ్చి, అంట్లు తోమి, తమ్ముణ్ణి తయారుచేసి, తను తినడానికి టైము లేక స్కూలుకి పరిగెత్తుకొస్తున్నారు. ఇప్పుడు మాత్ర మధ్యాహ్న భోజనం అయ్యాక ఇస్తున్నారు. ఇంత చిన్న మార్పు! గీత లేస్తుందో లేదో చూడాలి. మందు మారలేదు, గంట మారింది. వాకిలీ అంట్లూ తమ్ముడూ మాత్రం అలాగే వున్నాయి. దానికి ఏ సరంజామా వుందో మా పిల్ల ఇంకా చెప్పలేదు.

ఇదంతా చదివి, ఇక కనబడ్డ ప్రతి లెక్కనీ ముక్కలు ముక్కలు చేసెయ్యమంటున్నానని అనుకోకండి. దానికీ ఓ హద్దుంది. బర్క్‌లీ లెక్కలోనే రెండో శాఖకి పెట్టుకున్న ఆడవాళ్ళు మొత్తం 25 మంది. అంత చిన్న గుంపులో ఒకరిద్దరు అటయితే నూటికి ఎనిమిది వంతులు మారిపోతాయి. అందుకే గుంపు పక్కన తలలెన్నో కూడా రాయాలంటుంది మా పిల్ల. వూరూ, వయసూ, ఆడా మగా, చదువూ, వృత్తీ అని చీల్చుకుంటూ పోతే ఆఖరికి గడికొకరు మిగులుతారు. అప్పుడది లెక్క కాదు, జనాభా రిజిస్టరు. ఎక్కడ చీల్చాలో యంత్రం చెప్పదు. మన మధ్య ఎవరు పరగడుపున వుంటున్నారో తెలిసినవాళ్ళే చెప్పాలి. అది ఎమ్మెస్సీలో చెప్పే పాఠం కాదు. వంటింటి గడప మీద కూచున్న ఎవరికైనా తెలుస్తుంది.

నివేదిక అచ్చయి వచ్చింది. అట్టమీద పిల్లల ఫొటో వేశారు, లోపల రెండు గీతలూ వేశారు. దాతలు తికమకపడ్డ జాడేమీ లేదు. ఒకాయన మాత్రం "ఆడపిల్లలకి పొద్దుటి పూట అటుకులో అరటిపండో పెట్టిస్తే ఎంతవుతుంది?" అని రాశాట్ట.

ఈసారి ఎవరైనా మీతో "సగటున" అని మొదలుపెడితే, మర్యాదగానే, "ఎవరెవరిని కలిపారండీ?" అని అడిగి చూడండి. అడగడానికి కంప్యూటరక్కర్లేదు, స్టాటిస్టిక్సు చదవక్కర్లేదు. ఆ ఏటి గట్టున కరణంగారి భార్యకి ఆ మాట అడిగే చనువుంటే పిల్లలు దక్కేవాళ్ళు.